సాదుకున్న బిడ్డకు చట్టం ముందు నేనేమవుతాను?

ప్రశ్న: మాది మహబూబ్‌నగర్ జిల్లాలో దేవరకద్ర దగ్గరి పల్లె. నాకు 44 ఏండ్లు, నా భర్తకు 50. మాకు పిల్లలు కలగలేదు. పద్నాలుగేండ్ల కింద మా మరిది, యారాలు మేస్త్రీ వెంట పూణెకు పనికి పోతూ ఎనిమిది నెలల ఆడపిల్లను మాకు అప్పగించారు. పోయే ముందురోజు రాత్రి మా అత్త, ఇరుగుపొరుగువాళ్లు చూస్తుండగా మా యారాలు బిడ్డను నా ఒళ్లో పెట్టి "ఇగ నీ బిడ్డనే అక్కా" అన్నది. మరిది పక్కనే ఉన్నాడు, కాదనలేదు. అప్పటి నుంచి మేమే సాదుకున్నాం. మమ్మల్ని అమ్మ, నాయిన అంటుంది, కన్నవాళ్లను చిన్నమ్మ, చిన్నాయిన అంటుంది. అసలు సంగతి ఆరో తరగతిలో ఊళ్లో ఎవరో చెప్పగా దానికి తెలిసింది. బడిలో తండ్రి పేరు నా భర్తదే రాయించాం. పుట్టిన సర్టిఫికెట్‌లో కన్నవాళ్ల పేర్లున్నాయి, మరిది రేషన్ కార్డులోనూ బిడ్డ పేరుంది. ఇప్పుడది పదో తరగతి. మరిదికి తర్వాత ఇద్దరు కొడుకులు పుట్టారు. ఈ మధ్య ఊరికి తిరిగొచ్చి "మీరు సాదుకున్నారే గానీ దత్తత తీసుకోలేదు, మా బిడ్డను మేం తీసుకుపోయి ఎండాకాలంలో పెండ్లి చేస్తాం" అంటున్నాడు. ఒకసారి మాత్రం ఎకరం పొలం తన పేరున రాస్తే సంతకం పెడతానన్నాడు. ఊరి పెద్దమనిషి ఒకాయన పాత తేదీ వేసి బాండు పేపరు రాయించుకొమ్మంటున్నాడు. మాకు మూడెకరాల పొలముంది. దసరా తర్వాత బిడ్డకు పదిహేనేండ్లు నిండుతాయి. చట్టం ముందు నేను దానికి ఏమవుతాను?

సమాధానం: అమ్మా, మీకు నొప్పి కలిగించినా సరే, సూటి జవాబు ముందే చెబుతాను. ఈనాడు మీ చేతిలో ఉన్న కాగితాలను బట్టి చట్టం మిమ్మల్ని ఆ అమ్మాయికి పెద్దమ్మగానే చూస్తుంది, తల్లిగా చూడదు. అయితే దీన్ని మార్చుకునే దారి ఇంకా మూసుకుపోలేదు. ఎప్పటిదాకా తెరిచి ఉంటుందో మీ ఉత్తరమే చెబుతున్నది. చివర్లో మామూలుగా రాసిన దసరా మాటే అందులో అన్నిటికంటే ముఖ్యమైన మాట.

హిందూ దత్తత, మనోవర్తి చట్టం 1956లో వచ్చింది. దాని 10వ సెక్షన్ ప్రకారం దత్తత వెళ్లే బిడ్డ హిందువై ఉండాలి, అంతకుముందు ఎవరికీ దత్తత వెళ్లి ఉండకూడదు, పెండ్లి అయి ఉండకూడదు, పదిహేనేండ్లు నిండి ఉండకూడదు. చివరి రెండు షరతులకు కులాచారాన్ని బట్టి మినహాయింపు ఉన్నా, అలాంటి ఆచారం మీ వాళ్లలో ఉందని కోర్టులో సాక్ష్యాలతో నిరూపించడం చాలా కష్టం కాబట్టి దానిమీద ఆశ పెట్టుకోకండి. మిగిలిన షరతులు మీకు అడ్డు కావు. ఆడపిల్లను దత్తత తీసుకునేవారికి అప్పటికే కూతురు గానీ, కొడుకు కూతురు గానీ ఉండకూడదు, మీకు లేరు. తీసుకునే తండ్రికీ ఆడపిల్లకూ కనీసం ఇరవై ఒక్క ఏండ్ల తేడా ఉండాలి, మీ భర్తకు అంతకంటే చాలా ఎక్కువే ఉంది. భర్త దత్తత తీసుకోవాలంటే భార్య సమ్మతి, కన్నతండ్రి ఇవ్వాలంటే కన్నతల్లి సమ్మతి తప్పనిసరి. అంటే మీ నలుగురూ ఒప్పుకొంటే మీకున్న గడువు దసరా వెళ్లాక వచ్చే ఆ పుట్టినరోజు దాకా.

మన పాలమూరులో "సాదుకున్నం" అనే మాటకు ఊరంతా ఒకటే అర్థం చెప్పుకుంటుంది. బిడ్డ జ్వరంతో పడుకున్న రాత్రి ఎవరు మేలుకున్నారో, బడి ఫీజు ఎవరు కట్టారో అందరికీ తెలుసు కాబట్టి వేరే రుజువు ఎవరూ అడగరు. చట్టం అడిగే ప్రశ్న వేరు. కన్నవాళ్లు ఆ బిడ్డను తమ కుటుంబం నుంచి మీ కుటుంబానికి శాశ్వతంగా మార్చాలనే ఉద్దేశంతో చేతుల మీదుగా ఇచ్చారా, మీరు అదే ఉద్దేశంతో తీసుకున్నారా అన్నదే 11వ సెక్షన్ చూసేది. దత్తహోమం జరగకపోయినా ఫరవాలేదని అదే సెక్షన్ చెబుతుంది. ఇవ్వడం, తీసుకోవడం జరగకపోతే మాత్రం ఎన్నేండ్లు పెంచినా అది దత్తత కాదు. 2020లో సుప్రీంకోర్టు ముందుకు సరిగ్గా ఇలాంటి కేసే వచ్చింది. కన్నతల్లికి తోబుట్టువు అయిన ఆమె ఇంట్లో ఒక అమ్మాయి చిన్ననాటి నుంచి పెరిగింది, బడి రికార్డుల్లో పెంచినవాళ్లే తల్లిదండ్రులుగా ఉన్నారు, పెంచిన తండ్రి ఆమెను కూతురుగానే చూసుకున్నాడు. ఆయన పోయాక ఆస్తి దగ్గర తగాదా వచ్చినప్పుడు, ఇచ్చి పుచ్చుకున్నట్టు గానీ, భార్య ఒప్పుకున్నట్టు గానీ రుజువు లేదని కోర్టు ఆమెను దత్తపుత్రికగా ఒప్పుకోలేదు. పెంపకం మీద కోర్టుకు అనుమానమేమీ లేకపోయినా ఆమె ఓడిపోయింది. మీరు బడిలో రాయించిన పేరు మిమ్మల్ని కాపాడుతుందని అనుకోవద్దని చెప్పడానికే ఈ కేసు చెబుతున్నాను.

ఇక ఆ రాత్రి మీ ఇంట్లో జరిగిన దాని గురించి కొంచెం ఆగి ఆలోచించాలి. నలుగురి ముందు తల్లి బిడ్డను మీ ఒళ్లో పెట్టి నీ బిడ్డనే అనడం, తండ్రి పక్కనే ఉండి కాదనకపోవడం చట్టం అడిగే ఇచ్చిపుచ్చుకోవడమే కావచ్చు. పనికి పోతున్న తల్లి గుండె బరువెక్కి అన్న మాట కూడా కావచ్చు. రాతపూర్వకంగా లేని దత్తతను చట్టం కొట్టిపారేయదు, కానీ దాన్ని చెప్పుకునేవారే ఏ అనుమానానికీ తావు లేని సాక్ష్యంతో నిరూపించుకోవాలని సుప్రీంకోర్టు 1959లోనే చెప్పింది. మీ మరిది రేషన్ కార్డులో బిడ్డ పేరు ఇంకా ఉండటం మీకు వ్యతిరేకంగా నిలబడుతుంది. మీ అత్తగారు ఇద్దరు కొడుకుల మధ్య నిలబడి సాక్ష్యం చెప్పాల్సి వస్తుంది. ఆ స్థితిలోకి ఆమెను నెట్టకుండా పని జరిగే దారి ఉన్నప్పుడు దాన్నే ఎంచుకోవాలని నా అభిప్రాయం.

ఆ దారి రెండు రకాలుగా ఉంటుంది. అప్పుడే దత్తత జరిగిందని మీ నలుగురూ నిజంగా నమ్మితే, ఈనాటి తేదీతో రాసే పత్రంలో ఫలానా రోజున, ఫలానావారి సమక్షంలో బిడ్డను ఇచ్చి పుచ్చుకున్నామని నమోదు చేసుకోవచ్చు. అలా కాకుండా అప్పుడు పెంపకానికే ఇచ్చామని అనుకుంటే, ఇప్పుడు కొత్తగా దత్తత జరిపి ఆ తేదీనే రాయాలి. ఈ రెండింటినీ ఒకే పత్రంలో కలపకూడదు, ఎందుకంటే ఒకసారి దత్తత వెళ్లిన బిడ్డను మళ్లీ దత్తత ఇవ్వడం కుదరదు. మీ మరిది ఇప్పటికే దత్తత కాలేదని బహిరంగంగా అంటున్నాడు కాబట్టి, కొత్తగా జరిపే దత్తతే మీకు గట్టి నేల అని నాకు తోస్తున్నది.

పాత తేదీ బాండు పేపరు సలహాను మాత్రం దయచేసి ఈ రోజే మరిచిపోండి. పాత సంగతిని ఈనాటి తేదీతో నిజాయితీగా రాసుకోవడం వేరు, ఈనాడు రాసిన కాగితానికి పాత తేదీ వేయడం వేరు. రెండోది ఫోర్జరీ కేసు దాకా పోతుంది. స్టాంపు పేపరు ఎవరికి, ఏ రోజు అమ్మారో దాని వెనుకా, అమ్మినవారి రిజిస్టరులోనూ ఉంటుంది. మీ మరిది వకీలు చూసే మొదటి విషయం అదే. ఒక్క అబద్ధపు కాగితం బయటపడితే ఆ తర్వాత మీరు చెప్పే నిజాన్ని కూడా కోర్టు అనుమానంతోనే వింటుంది. కొన్ని కుటుంబాల్లో దత్తత జరపకుండానే పెంచినవాళ్ల పేర్లతో కొత్త పుట్టిన సర్టిఫికెట్ తీయించడం కూడా చూశాను. అదీ ఇలాంటి తప్పే.

సక్రమంగా జరిగే పద్ధతి చెబుతాను, విన్నాక ఇంతేనా అనిపిస్తుంది. ఒక రోజు చూసుకొని పెద్దమనుషులను, బంధువులను పిలవండి. కన్నతల్లిదండ్రులు బిడ్డ చేతిని మీ దంపతుల చేతుల్లో పెట్టి దత్తత ఇస్తున్నామని నోటితో చెప్పాలి, మీరు తీసుకుంటున్నామని చెప్పాలి. పంతులును పిలవడం, పిలవకపోవడం మీ ఇష్టం. ఫోటోలు తీయించండి, వీలైతే వీడియో కూడా. తర్వాత దత్తపత్రం రాయించి, అందులో బిడ్డ పుట్టిన తేదీ, నలుగురి వయసులు, మీకు సంతానం లేదన్న విషయం, ఇచ్చి పుచ్చుకున్న రోజు స్పష్టంగా ఉండేలా చూసి, నలుగురూ సంతకాలు చేసి, ఇద్దరు సాక్షులతో సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో రిజిస్టరు చేయించాలి. రిజిస్ట్రేషన్ లేకపోతే దత్తత చెల్లదని కాదు. ఇచ్చినవారు, తీసుకున్నవారు సంతకం చేసిన పత్రం రిజిస్టరై ఉంటే దత్తత చట్టప్రకారమే జరిగిందని కోర్టు ముందుగానే అనుకోవాలని, కాదనేవాళ్లే కాదని నిరూపించుకోవాలని 16వ సెక్షన్ చెబుతుంది. అంటే ఈనాడు మీ నెత్తిన ఉన్న రుజువు భారం ఎదుటివారి నెత్తికి మారుతుంది. నోటరీ సంతకం, బాండు పేపరు, పంచాయతీ తీర్మానం వంటివి ఎన్ని ఉన్నా ఆ బలం రాదు. ఆ పత్రం చేతికి వచ్చాక జనన నమోదులోనూ, ఆధార్‌లోనూ, రేషన్ కార్డులోనూ మార్పులకు దరఖాస్తు చేసుకోండి. పదో తరగతి మెమోలో అచ్చయ్యే తల్లిదండ్రుల పేర్లు బడి రిజిస్టరు నుంచే వెళ్తాయి కాబట్టి ప్రధానోపాధ్యాయుడికి సంగతి దాచకుండా చెప్పి, పత్రం నకలు ఇవ్వండి.

ఎకరం పొలం గురించి ఒక్క మాటలో చెప్పాలంటే, ఇవ్వకండి. దత్తత ఇచ్చినందుకు డబ్బు గానీ, మరో ప్రతిఫలం గానీ ఇవ్వడం, పుచ్చుకోవడం 17వ సెక్షన్ కింద నేరం, ఆరు నెలల దాకా జైలు, జరిమానా పడవచ్చు. మీ మరిది అడిగినది నేరమైతే, మీరు ఇచ్చినదీ నేరమే అవుతుంది. ఈ సెక్షన్ ఊరికే పెట్టినది కాదు. పాతికేండ్ల కింద దేవరకొండ, చందంపేట వైపు తండాల నుంచి పసి ఆడపిల్లలు డబ్బుకు చేతులు మారిన సంగతి నల్లగొండ జిల్లాలో ఇంకా ఎవరూ మరిచిపోలేదు. మీ బిడ్డ పేరున మీరు పొలం రాసుకోవాలనుకుంటే అది దత్తతతో ముడిపెట్టకుండా, మీ ఇష్టంతో, వేరుగా చేసుకునే పని.

మీ మరిదికీ, యారాలికీ చెప్పాల్సినవి కొన్ని ఉన్నాయి, వాటిని వాళ్లకు చదివి వినిపించండి. దత్తత జరిగిన రోజు నుంచి చట్టం దృష్టిలో ఆ అమ్మాయి వాళ్ల కూతురు కాదు, మీ కూతురు. కన్నవాళ్ల ఆస్తిలో వారసత్వం ఉండదు, సంరక్షణ హక్కు మీకు మారుతుంది. పెండ్లి విషయంలో మాత్రం పాత రక్తసంబంధపు నిషేధాలు అలాగే ఉంటాయి. 15వ సెక్షన్ ప్రకారం ఒకసారి సక్రమంగా జరిగిన దత్తతను ఎవరూ రద్దు చేసుకోలేరు, ఇచ్చినవాళ్లు వెనక్కి తీసుకోలేరు, మీరు వదులుకోలేరు, పెద్దయ్యాక అమ్మాయి కూడా కాదనుకోలేదు. ఇంత పెద్ద నిర్ణయం కాబట్టే నలుగురిలో ఎవరినీ పంచాయతీలో కూర్చోబెట్టి ఒత్తిడితో సంతకం పెట్టించకూడదని అంటాను. ముఖ్యంగా మీ యారాలితో మీరు ఒంటరిగా మాట్లాడాలి. పూణెలో ఇటుకలు మోస్తూ పద్నాలుగేండ్లు బిడ్డకు దూరంగా ఉన్న తల్లి ఆమె. ఆమె ఏమనుకుంటున్నదో మీ ఉత్తరంలో ఒక్క ముక్క లేదు.

పొలం సంగతి మీరు అడగలేదు గానీ, మీ తగాదా అడుగున అది ఉందనిపించి రాస్తున్నాను. దత్తత లేకుండా, వీలునామా రాయకుండా మీ భర్త కాలం చేస్తే, ఆయన ఆస్తి మీకూ, అప్పటికి బతికి ఉంటే మీ అత్తగారికీ సమానంగా వస్తుంది. మీరు సాదిన బిడ్డకు సెంటు భూమి కూడా రాదు. మీ వాటా మీ పేరున విరాసత్ అయ్యాక మీరు కూడా వీలునామా లేకుండా పోతే, హిందూ వారసత్వ చట్టం 15వ సెక్షన్ ప్రకారం సంతానం లేని స్త్రీకి భర్త నుంచి వచ్చిన ఆస్తి భర్త వారసులకే వెళ్తుంది. అంటే చివరికి అది మీ మరిది ఇంటికే చేరుతుంది. దత్తత జరిగితే ఆమె కన్నకూతురితో సమానమైన వారసురాలు అవుతుంది. మన ఉమ్మడి రాష్ట్రంలో 1986 నాటి సవరణతోనూ, దేశమంతటా 2005 సవరణతోనూ ఆడపిల్లలకు ఉమ్మడి ఆస్తిలో వచ్చిన హక్కు కూడా కూతురుగా ఆమెకు వర్తిస్తుంది. అయినా మీ సొంత ఆస్తిని మీకు నచ్చినట్టు అమ్ముకునే, రాసిచ్చే హక్కు మీకు పోదని దత్తత చట్టం 13వ సెక్షన్ స్పష్టంగా చెబుతుంది. దత్తత జరిగినా, జరగకపోయినా మీరిద్దరూ విడివిడిగా వీలునామాలు రాసి రిజిస్టరు చేయించుకోండి. అందుకు మరిది సంతకం అక్కర లేదు.

మరిది ససేమిరా అంటే ఏమిటని మీరు అడుగుతారు. కన్నవాళ్లు ఇవ్వబోమంటే బలవంతంగా ఇప్పించే చట్టం ఏదీ లేదు. అయితే ఇవ్వనంత మాత్రాన అమ్మాయిని చెయ్యి పట్టుకొని లాక్కుపోయే హక్కు కూడా రాదు. మైనర్ల సంరక్షణ చట్టం తండ్రిని సహజ సంరక్షకుడని చెబుతూనే, అన్నిటికంటే పైన చూడాల్సింది బిడ్డ క్షేమమని 13వ సెక్షన్‌లో చెబుతుంది. 1890 నాటి సంరక్షకుల చట్టం కింద మిమ్మల్ని సంరక్షకులుగా నియమించమని జిల్లా కోర్టును అడగవచ్చు. బుద్ధి తెలిసిన వయసు పిల్లల ఇష్టాన్ని న్యాయమూర్తి అడిగి తెలుసుకుంటారు, పద్నాలుగేండ్ల అమ్మాయి మాటకు బరువు ఉంటుంది. గెలుపు ఖాయమని నేను అనను. తండ్రి యోగ్యుడైతే బంధువుల కంటే అతనికే అప్పగించిన తీర్పులూ ఉన్నాయి. పుట్టినరోజు దాటిపోయాక మనసు మారి అందరూ ఒప్పుకొంటే, పద్దెనిమిది నిండేదాకా ఇంకో దారి ఉంది. 2015 నాటి బాలల న్యాయ చట్టం కింద తండ్రి అన్నదమ్ములు, తల్లి తోబుట్టువులు వంటి దగ్గరి బంధువులు దత్తత తీసుకోవచ్చు. జిల్లా బాలల పరిరక్షణ విభాగం ద్వారా దరఖాస్తు వెళ్తుంది, 2022 సెప్టెంబరు నుంచి ఈ ఉత్తర్వులు కోర్టు బదులు కలెక్టరు ఇస్తున్నారు. ఆ దారిలో సమయం పడుతుంది గానీ, అయిదేండ్లు దాటిన బిడ్డ సమ్మతి కూడా అడగాలనే నియమం నాకు చాలా నచ్చుతుంది.

పెండ్లి మాటకు మాత్రం చర్చ లేదు. పద్దెనిమిదేండ్లు నిండని అమ్మాయికి కన్నవాళ్లు చేసినా, పెంచినవాళ్లు చేసినా అది నేరమే. 2006 నాటి బాల్య వివాహాల నిషేధ చట్టం ప్రకారం చేసినవారికి, చేయించినవారికి రెండేండ్ల దాకా కఠిన శిక్ష, లక్ష రూపాయల దాకా జరిమానా ఉంటాయి. ముహూర్తం పెట్టుకున్నారని తెలిసిన రోజే పిల్లల సహాయ నంబరు 1098కు ఫోన్ చేయండి. మేజిస్ట్రేటు నుంచి ఆపుదల ఉత్తర్వు తెచ్చుకోవచ్చు, దాన్ని కాదని చేసిన పెండ్లి మొదటి నుంచే చెల్లదు. బంధుత్వం చెడుతుందని ఈ ఒక్క విషయంలో వెనకాడకండి.

ఇది చదివే తండాల్లోని తల్లులకు, ముస్లిం కుటుంబాలకు ఒక మాట. 1956 నాటి దత్తత చట్టం, కేంద్రం ప్రత్యేకంగా ప్రకటిస్తే తప్ప షెడ్యూల్డు తెగలకు వర్తించదని దాని 2వ సెక్షన్‌లోనే ఉంది. లంబాడాలు, చెంచులు తమ ఆచారాన్ని రుజువు చేసుకోవాలి, లేదా బాలల న్యాయ చట్టం దారి పట్టాలి. ముస్లింలకు కూడా బాలల న్యాయ చట్టం కింద దత్తతకు అవకాశం ఉందని, అప్పటికి అమలులో ఉన్న 2000 నాటి చట్టాన్ని బట్టి సుప్రీంకోర్టు 2014లోనే చెప్పింది.

ఖర్చు గురించి భయపడవద్దు. స్త్రీలకు, పిల్లలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా వకీలును ఇవ్వాలని 1987 నాటి చట్టం చెబుతుంది. మహబూబ్‌నగర్ కోర్టు ఆవరణలోని జిల్లా న్యాయసేవాధికార సంస్థకు పుట్టిన సర్టిఫికెట్, బడి బోనఫైడ్, నలుగురి ఆధార్ నకళ్లు, పాసుబుక్కు నకలు తీసుకొని ఈ వారంలోనే వెళ్లండి. ముందుగా మాట్లాడాలంటే ఉచిత న్యాయసహాయ నంబరు 15100కు ఫోన్ చేయవచ్చు.

వెళ్లేముందు ఒక పని ఉంది. మీ ఉత్తరంలో మరిది మాట ఉంది, పెద్దమనిషి సలహా ఉంది, మీ బాధ ఉంది, కానీ అమ్మాయి ఏమంటున్నదో ఎక్కడా లేదు. ఆరో తరగతిలో బయటివాళ్ల నోటి నుంచి సంగతి విన్న బిడ్డ అది. ఈసారి మీ నోటి నుంచే వినాలి. దత్తత అంటే ఏమిటో, చిన్నమ్మ, చిన్నాయిన రాకపోకలు దాంతో ఆగిపోవని, తనకు ఇష్టం లేకపోతే ఆ మాట చెప్పవచ్చని మీరిద్దరూ కూర్చొని నెమ్మదిగా వివరించండి. ఆలోచించుకోవడానికి రెండు రోజులు ఇవ్వండి. ఆమె జవాబు విన్నాకే మీ మరిదిని, యారాలిని ఇంటికి పిలవండి.